మెరక మట్టి

మట్టిని నోట్లో పెట్టుకునే మనిషితో కలిసి పని చేయాల్సి వస్తుందని ఉద్యోగంలో చేరేటప్పుడు నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఏలూరు కార్పొరేషన్ నీటి పరీక్షల ల్యాబులో కెమిస్టుగా చేరేదాన్ని కాదేమో. నా పేరు దేవకుమారి. నాకు కోపం ఎక్కువని ఆఫీసులో అందరూ అంటారు. నిజమే. ఈ చెప్పబోయేదాంట్లో కూడా అది అక్కడక్కడా తగులుతుంది, సర్దుకోండి.

చలపతిరావు గారిని మొదటిసారి చూసింది తాడేపల్లిగూడెంలో, తొమ్మిదేళ్ళ కిందట. అక్కడ ఒక పెట్రోలు బంకు వెనక వీధిలో బావినీళ్ళు డీజిల్ కంపు కొడుతున్నాయని గోల. దగ్గర్లో ఉన్న ల్యాబు మాదే కాబట్టి నన్నూ, మా కార్పొరేషన్ కొత్తగా తీసుకున్న జియాలజిస్టునూ పంపారు. నేను వెళ్ళేసరికి చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచిన ఒక పెద్దాయన గొయ్యి పక్కన గొంతుక్కూర్చుని, చిటికెడు మట్టి తీసి ముందు పళ్ళ మధ్య పెట్టి కొరుకుతున్నారు. అదీ కళ్ళు మూసుకుని!

"ఏంటండీ ఆ పని? అందులో డీజిల్ ఉందనే కదా మనం వచ్చింది!" అన్నాను.

"మింగనులే అమ్మా, ఊసేస్తాను" అన్నారు తాపీగా. "పళ్ళ కింద కరకరమంటే ఇసుక ఉన్నట్టు. జిడ్డుగా జారిపోతే ఉత్త బంకమట్టి. బంకమట్టిలోంచి డీజిల్ రాదు. ఇసుక పొర ఎటుంటే అటే వస్తుంది. అదిగో, ఆ ఉల్లిపాయల గోడౌను పక్కన తవ్వించండి, దొరుకుతుంది."

దొరికింది. బంకు టాంకు ఎక్కడ కారుతోందో, ఆ డీజిల్ ఏ దారిన వీధిలోకి వచ్చిందో సాయంత్రానికల్లా కాగితం మీద గీసి ఇచ్చేశారు. బంకు యజమాని ఆయన నోరు పుక్కిలించుకోవడానికి చెంబుతో నీళ్ళు తెచ్చి వినయంగా నిలబడ్డాడు. ఆ రోజు రిపోర్టు మీద పైన ఆయన సంతకం, కింద నా సంతకం. అలా ఆరేళ్ళ పాటు వందల కాగితాల మీద ఆయన సంతకం కింద నేను సంతకం పెట్టాను.

ఆయన సొంతూరు పెదపాడు మండలంలోనే. వరి రైతుల ఇల్లు. ఉన్న ఐదెకరాలూ పల్లం. గట్టి వాన కురిస్తే కొల్లేరు పొంగి వచ్చి చేలో కూర్చునేదట, మళ్ళీ ఎప్పుడు లేచి వెళ్తుందో దాని ఇష్టం. అలాంటి ఊళ్ళో పుట్టినవాళ్ళకు మట్టి మీద ఉండే ఆశ మీకు చెప్పినా అర్థం కాదు. కాలవ పూడిక తీసినప్పుడు ఒడ్డున పోసిన మట్టి కోసం తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములు ఉన్నారక్కడ. నాలుగు బళ్ళ మట్టి తోలి చేను ఒక మూల ఎత్తు చేసుకుంటే, ఆ మూల మాత్రం పంట చేతికొస్తుంది. ఎత్తు చేసిన ఆ నేలను మెరక అంటారు.

వ్యవసాయ కాలేజీలో సీటు రాక ఆయన వాల్తేరులో జియాలజీ చదివారు. ఆ చదువుతోనే ఒక ఆయిల్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. కంపెనీ పేరుతో మనకు పని లేదు. ముప్పై ఏళ్ళు నర్సాపురం, రాజోలు, కైకలూరు ప్రాంతాల్లో ఎక్కడ రిగ్గు లేస్తే అక్కడ ఆయన. నేలలోకి గొట్టం దిగుతుంటే దాంతోపాటు చిక్కటి బురద లోపలికి పంపుతారు. అది అడుగు నుంచి రాతి పొడిని మోసుకుని పైకి వస్తుంది. ఆ పొడిని కడిగి, భూతద్దం కింద పెట్టి, కొరికి, భూమిలో ఇప్పుడు ఎక్కడున్నామో చెప్పడం ఆయన పని. పద్నాలుగు రోజులు రిగ్గు మీద, పద్నాలుగు రోజులు ఇంట్లో. "నాకు దేవుడు సగం మొగుడినే ఇచ్చాడమ్మా" అని ఆయన భార్య కాంతం గారు నవ్వుతూనే అనేవారు. పిల్లలు లేరు వాళ్ళకు.

డెల్టాలో బావులు లాభం లేదని కంపెనీ మూటాముల్లే సర్దుకున్నాక ఆయన ముందే రిటైరై ఏలూరు వచ్చేశారు. మా చెత్త యార్డు నుంచి కారే నల్లనీళ్ళు ఎటు పోతున్నాయో చూడటానికి కార్పొరేషన్ ఆయన్ని కాంట్రాక్టు మీద తీసుకుంది. ఆయిల్ వెతికిన దొర మురిక్కాలవలు చూసుకోవడం ఏమిటని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. నేనూ ఒకసారి అడిగాను.

"అదే చదువమ్మా ఇదీ" అన్నారు. "కింద ఉన్నది పైకి ఎలా వస్తుందో ముప్పై ఏళ్ళు చూశాను. పైన పోసింది కిందకి ఎలా పోతుందో ఇప్పుడు చూస్తున్నాను."

ఏ వీధికి వెళ్ళినా ముందు వంటింటి గుమ్మం దగ్గర నిలబడేవారు. "ఏవండీ అమ్మా, మీ బోరు నీళ్ళతో పప్పు ఉడుకుతోందాండీ? టీ పెడితే పాలు విరుగుతున్నాయా?" అని అడిగేవారు. ఆడవాళ్ళు మొదట నవ్వేవాళ్ళు, తర్వాత గంట సేపు చెప్పేవాళ్ళు. నేను సీసాల్లో నీళ్ళు పట్టి మూడు రోజులు తిప్పలు పడి తేల్చేది ఆయన వంటిళ్ళ కబుర్లతో సగం తేల్చేసేవారు. నాకు ఒళ్ళు మండేది. కానీ తమ్మిలేరు ఏటి పక్క వీధుల్లో ఏ బోర్లు మూయాలో, ఏవి వాడుకోవచ్చో ఆయన చెప్పినట్టు చేశాక అక్కడి పిల్లలకు విరేచనాలు తగ్గిన మాట నిజం. అది నా రిజిస్టరులోనే ఉంది, కాదనడానికి లేదు.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను.

మాది వట్లూరు దాటాక, పెదపాడు వెళ్ళే దారిలో ఉన్న మెరక కాలనీ. చుట్టూ పల్లపు చేలు, చేపల చెరువులు, మధ్యలో మా కాలనీ ఒక్కటే ఎత్తుగా ఉంటుంది. వానాకాలంలో చుక్క నీరు నిలవదని ఆశపడి కొనుక్కున్నాం. మా ఆయన ఉద్యోగం తణుకులో, ఆదివారాలే వస్తారు. నేనూ మా అమ్మాయి రమ్యా ఉంటాం. కార్పొరేషన్ పైపులైను అక్కడి దాకా రాలేదు. ఇంటింటికీ బోరు ఉంది.

మూడేళ్ళ కిందట వానలు విపరీతంగా పడ్డాయి. కొల్లేరు ఎగదన్ని చుట్టూ చేలన్నీ సముద్రమైపోయాయి. మా వీధిలోకి మాత్రం నీళ్ళు రాలేదని మేం మురిసిపోయాం. రెండు నెలలకు బోరు నీళ్ళు పసుపు రంగుకు తిరిగాయి. సన్నజాజి పందిరి మాడిపోయింది. రమ్యకు అప్పుడు పదకొండేళ్ళు. దాని పాదాలూ పిక్కలూ దురదలతో మొదలై పుళ్ళు పడ్డాయి. చర్మం డాక్టరు రాసిన మందులన్నీ రాశాను. పొద్దున్నే బోరు నీళ్ళతో కాళ్ళు కడిగి మందు రాసేదాన్ని, సాయంత్రం మళ్ళీ కడిగి రాసేదాన్ని. ఊరందరి నీళ్ళూ పరీక్ష చేసే నేను నా ఇంటి నీళ్ళు సీసాలో పట్టడానికి ఐదు నెలలు పట్టింది. ఇందుకు నన్ను ఎవరు తిట్టాలి? నేనే తిట్టుకున్నాను.

పరీక్ష చేస్తే క్రోమియం ఉంది. ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. చుట్టుపక్కల ఫ్యాక్టరీ లేదు, తోళ్ళ పని లేదు, ఏమీ లేదు. ఎక్కణ్ణుంచి వచ్చింది? చలపతిరావు గారిని ఆ పూటే ఆటోలో కూర్చోబెట్టి తీసుకొచ్చాను.

మా పెరట్లో చేత్తో తిప్పే బోరు గొట్టం దించారు. మూడడుగుల లోతు మట్టి తీశారు. అలవాటు ప్రకారం చిటికెడు పళ్ళ మధ్య పెట్టుకున్నారు. కొరికి, ఊసి, ఇంకో చిటికెడు పెట్టుకున్నారు. ఆ రోజు కళ్ళు మూసుకోలేదు. జేబులోంచి భూతద్దం తీసి అరచేతిలో మట్టిని చాలా సేపు చూశారు. నన్నూ చూడమన్నారు. బూడిద రంగు బంకమట్టిలో మినప్పొట్టులాగా చిన్న చిన్న నల్లటి పెచ్చులు.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"రాయి అమ్మా. ఈ రాయి ఈ ప్రాంతంలో మూడు వేల మీటర్ల లోతున ఉంటుంది."

"మరి మా పెరట్లో మూడడుగుల్లో ఎందుకుందండీ?"

ఆయన భూతద్దం జేబులో పెట్టుకున్నారు. "ఈ పొలం పూర్వం ఎవరిదో తెలుసా?" అని అడిగారు.

"ఎవరో జగ్గారావు గారనండీ. ఆయన అమ్మితే కొన్నవాళ్ళు ప్లాట్లు వేశారు."

అప్పుడే రమ్య బడి నుంచి వచ్చింది. గుమ్మంలో బూట్లు విప్పుకుంటుంటే మేజోడు పుండుకు అంటుకుని ఊడిరాలేదు. అది ఏడుస్తూ లాగుతోంది. ఆయన ఆ కాళ్ళ వైపు చూసి, సంచీ కూడా మర్చిపోయి, గేటు తీసుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

నాలుగు రోజులు ఆఫీసుకు రాలేదు. ఫోను ఎత్తలేదు. ఐదో రోజు ఆ సంచీ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. దులిపేద్దామనే వెళ్ళాను. తలుపు తీసిన కాంతం గారి కళ్ళు వాచి ఉన్నాయి.

ఆయన ముందు గదిలో కుర్చీలో ఉన్నారు. గడ్డం పెరిగింది. "కూర్చో అమ్మా" అన్నారు. "నీ పెరట్లోది రిగ్గు బురద. అది అక్కడికి వచ్చింది నా చేతి మీదుగా."

పెదపాడుకు దిగువన, కొల్లేరు వైపు, పంతొమ్మిది వందల తొంభై ఏడులో ఒక ఆయిల్ బావి తవ్వారట. పని ముగిశాక వాడిన బురదంతా ఒక పెద్ద గోతిలో మిగిలింది. దాన్ని ప్లాస్టిక్ పరదా వేసి అక్కడే పాతిపెట్టాలని రూలు. జగ్గారావు కాంతం గారి సొంత అన్న. అతను వచ్చి అడిగాడు: "బావా, అంత మంచి బంకమట్టి పాతిపెడతారా? నా పల్లం చేను మెరక చేసుకుంటాను, ఇప్పించు బావా."

"నేనూ పల్లం చేను ఉన్నవాడి కొడుకునే కదమ్మా" అన్నారు చలపతిరావు గారు. "అంత మట్టి ఊరికే పాతెయ్యడం నా ప్రాణానికీ ఒప్పలేదు. శాంపిలు హైదరాబాదు పంపాను. రిపోర్టు రావడానికి నెల పడుతుంది. ఈలోగా తొలకరి పడితే ట్రాక్టర్లు దిగవు. జగ్గారావు రోజూ వచ్చి నిలబడేవాడు. ఒక రోజు గోతిలోకి దిగి కొరికి చూశాను. వెన్నలాంటి బంకమట్టి. చెడ్డ వాసన లేదు, ఉప్పు లేదు. హానికరం కాదు, తోలుకోవచ్చు అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. నేను దగ్గరుండి తోలించిన చేనే, ఇళ్ళు లేచాక పోల్చుకోలేకపోయాను."

"క్రోమియం?"

"లోతుకు వెళ్ళేకొద్దీ వేడికి బురద గట్టిపడకుండా ఒక మందు కలిపేవాళ్ళు. అందులో ఉండేది. మొన్నటి వరదకు నేల కింద నీళ్ళు ఉబికి, దాన్ని కడిగి మీ బోర్లలో కలిపాయి. పళ్ళకు ఇసుక తెలుస్తుందమ్మా. అది తెలియదు."

"మరి హైదరాబాదు రిపోర్టో?"

"వచ్చే ఉంటుంది. అప్పటికి నేను వేరే రిగ్గు మీదకి మారాను."

"అడగలేదా మీరు?"

"అడగలేదు."

ఇక నా నోరు ఆగలేదు. "నా కూతురి కాళ్ళు చూశారుగా! ఊళ్ళో అందరి పప్పు ఉడికిందా అని అడిగే మనిషి, తన శాంపిలు ఏమైందని ఒక్క ఉత్తరం ముక్క రాయలేకపోయారా? ఏం మనుషులండీ మీరు?" అని అరిచాను. కాంతం గారు లోపలికి వెళ్ళిపోయారు. ఆయన తల వంచుకుని అంతా విన్నారు. నేను ఏడవడం మొదలుపెట్టాక, "తిట్టు అమ్మా, ఇంకా తిట్టు" అన్నారు. ఆ మాటకు నాకు ఇంకా కోపం వచ్చి లేచి వచ్చేశాను.

మర్నాడు ఆయన ఆఫీసుకు వచ్చి రిపోర్టు రాయడానికి కూర్చున్నారు. అసలు బాధ అప్పుడు మొదలైంది. మా పై ఆఫీసరు చదివి, "మూలం తెలియలేదు అని రాసెయ్యండి సార్, ట్యాంకర్లతో నీళ్ళు పంపుతాం, మీకెందుకీ గొడవ" అన్నాడు. ట్యాంకరు ఎన్నాళ్ళు వస్తుంది? ఆ మట్టి అక్కడే ఉంటే నీళ్ళు ఎన్నేళ్ళకూ బాగుపడవు. తీసెయ్యాలి. తీయడం కార్పొరేషన్ వల్ల అయ్యే పని కాదు, ఆ కంపెనీ చేతే తీయించాలి. తీయించాలంటే ఆ బురద వాళ్ళదేనని రుజువు చేయాలి.

ఇక మా కాలనీ వాళ్ళు ఉన్నారు. వాళ్ళే ఆయన ఇంటికి వెళ్ళి బతిమాలారు. "రాయకండి సార్. ఇక్కడ విషం ఉందని కాగితం మీదకెక్కితే మా ఇళ్ళు ఎవరు కొంటారండీ? పిల్లల పెళ్ళిళ్ళున్నాయి" అన్నారు. నిజం చెప్పాలి కదా, ఒక సాయంత్రం నేనూ ఆయన బల్ల దగ్గర నిలబడి, "సార్, కాలనీ పేరు రాయకుండా కుదరదా?" అని అడిగాను. నా బిడ్డ కాళ్ళకు కట్లు కట్టి వచ్చి, నేను అడిగిన మాట అది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

"కుదరదమ్మా" అన్నారు, అంతే.

రిపోర్టు వెళ్ళింది. కంపెనీ నుంచి జవాబు వచ్చింది: ఆ బురద మొత్తం రూలు ప్రకారం అక్కడే పాతిపెట్టాం, రైతుకు ఇచ్చినట్టు మా దగ్గర ఏ కాగితమూ లేదు, రిటైరైన ఉద్యోగి మతి తప్పి ఏదో అంటున్నాడు. పై ఆఫీసరు ఆ ఉత్తరం చలపతిరావు గారి చేతికిచ్చి, "వదిలెయ్యండి సార్, మీరూ బయటపడ్డారు" అన్నాడు. నిజమే. కాగితం లేకపోతే ఆయన మీద ఏమీ లేదు. మా కాలనీకి కూడా ఏమీ లేదు.

ఆ కాగితం ఒక్కరి దగ్గర ఉండొచ్చు. మా రైతులు ముద్ర ఉన్న చీటీ ముక్క కూడా పారేయరు. ఆదివారం పొద్దున్న ఆయనా, కాంతం గారూ, నేనూ జగ్గారావు గారి ఊరు వెళ్ళాం. నన్ను ఎందుకు తీసుకెళ్ళారో నాకు తెలుసు. తోవ మధ్యలో ధైర్యం చాలక వెనక్కి తిరిగితే నేను తిరగనివ్వనని.

జగ్గారావు గారికి ఎనభై దగ్గర పడుతున్నాయి. వీధి అరుగు మీద పడక కుర్చీలో ఉన్నారు. చెల్లెలిని చూసి సంబరపడ్డారు, కాఫీలు తెప్పించారు. సంగతి విన్నాక మొహం మారిపోయింది.

"ఉంది బావా" అన్నారు మెల్లిగా. "ట్రంకు పెట్టెలో ఉంది. ఎవరైనా దొంగమట్టి అంటారేమోనని అప్పట్లో దాచాను. కానీ నీకు ఇవ్వను. ఇప్పుడే తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టేస్తాను. నీకూ మంచిది, నాకూ మంచిది. నిన్ను జైల్లో వేస్తే నా చెల్లెలు ఏమైపోవాలి?"

"అన్నయ్యా, ఈయనకు అన్నం సహించడం లేదు" అన్నారు కాంతం గారు. "జైల్లో తింటారేమో, అక్కడైనా తిననీ. ఇచ్చెయ్యి."

"నువ్వు ఊరుకో కాంతం. నీకేం తెలుసు!" అని ఆయన కసిరారు.

చలపతిరావు గారు లేచారు. జగ్గారావు గారి కుర్చీ ముందు, అరుగు కింద నేల మీద నిలబడ్డారు. అరవై దాటిన మనిషి, చేతులు రెండూ చాపారు.

"బావా, ఆ రోజు నువ్వు వచ్చి మట్టి ఇమ్మని అడిగావు. నా చేతిలో ఉంది కాబట్టి కాదనలేకపోయాను. ఇవాళ నీ చేతిలో కాగితం ఉంది. నేను అడుగుతున్నాను. నన్ను కాదనకు."

జగ్గారావు గారు ఆ చేతుల వైపు చూస్తూ ఉండిపోయారు. "తప్పు నాది కదా బావా, అడిగింది నేను కదా" అని ఏడ్చేశారు. ఇంతలో ఆయన కోడలు గుమ్మంలోకి వచ్చి నన్ను, "మీ పాపకేనాండీ బాగోనిది?" అని అడిగింది. ఔనన్నాను. జగ్గారావు గారు అది విన్నారు. కర్ర పట్టుకుని లేచి లోపలికి వెళ్ళారు. ట్రంకు పెట్టె మూత తీసిన చప్పుడు మా అందరికీ వినిపించింది.

ఆ కాగితంతో, కేసు తేలేలోపే మట్టి తీయాలని కోర్టు ఉత్తర్వు వచ్చింది. కంపెనీ తరఫున మిషన్లు వచ్చి మా కాలనీ తవ్వడం మొదలుపెట్టాయి. కేసులో కంపెనీ మొదటి ముద్దాయి, చలపతిరావు గారు రెండో ముద్దాయి. కార్పొరేషన్ ఆయన కాంట్రాక్టు ఆ రోజే రద్దు చేసింది. ముద్దాయి కాబట్టి తవ్వే చోటికి ఆయన రాకూడదు. అయినా ఏ ట్రాక్టరు ఏ మూల మట్టి దించిందో ఆయనకే బాగా గుర్తుంది. అందుకని ఆయన గీసిన పటం పట్టుకునే తవ్వారు. ఆయన అన్న చోట తవ్వితే బూడిద మట్టి రాని గొయ్యి లేదు. మా ఇంటి వసారా పగలగొట్టారు, పెరడంతా తీసుకెళ్ళారు. ఎనిమిది నెలలు దుమ్ములో బతికాం. కాలనీ వాళ్ళు ఆయన పేరెత్తి తిట్టారు. నేను ఊరుకోలేదు. మొదట్లో వాళ్ళతో కలిసి తిట్టాను కూడా, తర్వాత వాళ్ళను తిట్టాను.

నన్ను సాక్షిగా వేశారు. ముద్దాయితో సాక్షి మాట్లాడకూడదని ప్లీడరు గట్టిగా చెప్పాడు. పద్నాలుగు నెలలు ఆయన్ని చూడలేదు, ఫోను చేయలేదు. ఆయనా చేయలేదు. రూలంటే ఇప్పుడు ఆయనకు అంత పట్టింపు.

మొన్న మార్చిలో ఏలూరు కోర్టులో నన్ను బోనెక్కించారు. ఆయన తప్పు ఒప్పుకున్నారు, కంపెనీ ఒప్పుకోలేదు. ఆ పాత కాగితం దొంగదని, సంతకం ఎవరో పెట్టారని కంపెనీ వాదన. ఆయన ప్లీడరును పెట్టుకోలేదు. గోడ పక్క బెంచీ మీద ఒక్కరే కూర్చున్నారు, బాగా చిక్కిపోయారు. చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. నా కళ్ళు అటు పోకుండా చూసుకున్నాను.

దేవుని ఎదుట ప్రమాణం చేసి నిజమే చెబుతానని, నిజం తప్ప మరేమీ చెప్పనని నా చేత అనిపించారు. గవర్నమెంటు ప్లీడరు ఆ పాత కాగితం చూపించి, ఈ సంతకం ఎవరిదని అడిగాడు.

"చలపతిరావు గారిదండి."

"మీకెలా తెలుసు?"

"ఆరేళ్ళు ఆ సంతకం కిందే సంతకం పెట్టానండి."

తర్వాత కంపెనీ ప్లీడరు లేచాడు. ఇదంతా ఆయన మీద మీకున్న అభిమానం కొద్దీ చెబుతున్నారు కదా అన్నాడు.

"అభిమానం ఉంటే ఆ సంతకం ఆయనది కాదని చెబుతానండి" అన్నాను. జడ్జిగారు తల ఎత్తి చూశారు. "ఈ మట్టి ఏంటో మా ల్యాబు కనిపెట్టలేదండి. ఆయన చెప్పారు. ఆయన నోరు మూసుకుని ఉంటే ఈ కేసే లేదు." సాక్షి అడిగినదానికే జవాబు చెప్పాలని ప్లీడరు విసుక్కున్నాడు. చెప్పేశాను కదా, ఇంక విసుక్కుని ఏం లాభం.

జడ్జిగారు బెంచీ వైపు తిరిగి, "రెండో ముద్దాయి, మీకు ప్లీడరు లేరు కాబట్టి మీరే అడగొచ్చు. ఈ సాక్షిని ఏమైనా ప్రశ్నలు అడుగుతారా?" అన్నారు.

అడగరనే అనుకున్నాను. ఆయన బెంచీ పట్టుకుని లేచారు. అప్పుడు చూశాను ఆయన మొహం.

"ఒక్కటేనండి" అన్నారు. "పాప కాళ్ళు ఎలా ఉన్నాయండీ?"

నన్ను ఆయన ఏనాడూ అండీ అనలేదు. కంపెనీ ప్లీడరు లేచి, ఈ ప్రశ్నకూ కేసుకూ సంబంధం లేదన్నాడు. జడ్జిగారు చేత్తో వారించి, సాక్షి జవాబు చెప్పొచ్చు అన్నారు.

తగ్గిపోయాయండి, పూర్తిగా బాగైపోయింది, పరుగులు పెడుతోంది అని చెప్పేద్దామని నోటి దాకా వచ్చింది. ఆ మాట కోసం ఆయన ఎన్నాళ్ళు ఎదురుచూశారో ఆ మొహంలోనే తెలుస్తోంది. కానీ అంతకు ముందే కదా దేవుని పేరు మీద మాట ఇచ్చాను.

"పుళ్ళు మానాయండి" అన్నాను. "మచ్చలు పోలేదు. పోవని డాక్టరు అన్నారండి."

ఆయన తల ఊపారు. "ఇంక ప్రశ్నలు లేవండి" అని జడ్జిగారితో చెప్పి కూర్చున్నారు.